పెడచేత్తో తాకిన బొమ్మ

ఇలా రండర్రా, ఇంకొంచెం దగ్గరకి. ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు మీకు వినబడదు. నువ్వు గోడకి ఆనుకో, చెల్లికి చాప మీద చోటివ్వు. చేతుల్లో ఉన్నవి పక్కన పెట్టండి. నేను చెప్పబోయేది ఒక బొమ్మ సంగతి. ఆడుకునే బొమ్మ కాదు, నొప్పి తెలిసిన బొమ్మ. దానికి నొప్పి నేర్పింది నేనే.

నా పేరు నూకరత్నం అని మీకు తెలుసు. మా కాపురం కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దిగగానే వచ్చే సందులో. మా ఆయన అబ్బులుగారికి మోటారు వైండింగు షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేసేవారు. లోపలి రాగి తీగ ఊడదీసి, కొత్త తీగ చుట్టి ఇచ్చేవాళ్ళం. నేను అయిదో తరగతి దాకా చదివాను. తీగ చుట్టడానికి అంతకన్నా చదువు అక్కర్లేదు.

షాపుకు నేను మధ్యాహ్నం పూటే వెళ్ళేదాన్ని. పొద్దున్న నాకు ఇంకో పని. సందులో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి నన్నే పిలిచేవారు. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి నీళ్ళు పోసేదాన్ని. బకెట్లో కుడి అరచెయ్యి ముంచితే చాలు. ఇవి పదకొండో రోజు బిడ్డకి పనికొస్తాయి, ఇవి మూడో నెల బిడ్డకి అని ఆ చెయ్యే చెప్పేది. ఎడమ చేతికి ఆ విద్య లేదు. ఎడమ చెయ్యి బిడ్డ మెడ పట్టుకునే చెయ్యి, అంతే. సందులో ఉన్న సగం మంది నా కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. ఇప్పుడు మీసాలు పెంచుకుని స్కూటర్ల మీద తిరుగుతున్నారు.

షాపులో మా ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో నేను ఒక మోటారును రెండు చేతులతో ఎత్తబోతే ఆయన గబుక్కున నా జబ్బ పట్టుకుని ఆపారు.

"రత్నం, తెలీని ఇనుమును అరచేత్తో ముట్టుకోకు. ముందు పెడచేత్తో, ఇదిగో ఈ వెనకవైపుతో, తాకి చూడు."

"ఏ చెయ్యయితే ఏంటి?"

"కరెంటు తగిల్తే పిడికిలి దానంతటదే మూసుకుంటది. అరచేత్తో పట్టుకున్నావనుకో, నువ్వు వదుల్దామన్నా చెయ్యి వదల్దు. పెడచెయ్యయితే ముడుచుకుని ఇవతలికొచ్చేత్తది. ప్రాణం పెడచేతిలో ఉంటదే."

ఆ రోజు నుంచి నేను పెడచేత్తో తాకకుండా ఏ యంత్రాన్నీ పట్టుకోలేదు. చీమ నడిచినట్టు అనిపించినా సరే, పట్టుకోకుండా గుడ్డ చుట్టి పక్కకు జరిపేదాన్ని. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఫ్రిజ్జు తలుపు ముందూ నా చెయ్యి ఒకసారి తిరిగేది. ఆ తిరగడం నాకే తెలిసేది కాదు.

పన్నెండు రేవుల సంత మొదలైంది ఆ తరవాతే. మన కాకినాడ, అవతల ట్రింకోమలీ, రంగూన్, ఇలా సముద్రం చుట్టూ ఉన్న పన్నెండు రేవులు కలిసి ఒక్క బజారయ్యాయి. కరెంటుతో నడిచే వస్తువు ఏదైనా సరే, ఒక రేవులో పరీక్ష పెట్టి చుక్కల ముద్ర వేస్తే మిగతా పదకొండు రేవుల్లోనూ అమ్ముకోవచ్చు. ఎవరూ దారికి అడ్డం పడకూడదు. ముద్ర అంటే పన్నెండు చుక్కలు గుండ్రంగా ఉండేవి. మా సందు ఆడవాళ్ళు దాన్ని చూసి, ఇది చుక్కలు పెట్టి కలపడం మరిచిపోయిన ముగ్గు అనేవారు.

ఆ పరీక్ష పెట్టడానికి ప్రతి రేవులోనూ ఒక బొమ్మ ఉండేది. మన రేవు బొమ్మను చేసింది మా కోడలు హైమవతి. అవును, మీ పెద్దమ్మే. అప్పట్లో రేవు దగ్గర పరీక్షశాలలో పెద్ద ఉద్యోగం చేసేది. కొలిచే మీటర్లు లేక కాదు బొమ్మను చేసింది. మీటరు అంకె చెబుతుంది కానీ, మనిషికి ఎంత బాధో చెప్పదట. అందుకని మనిషి చర్మంలాంటి చర్మాన్ని పెంచి, లోపల నరాల పోగులు పరిచి, మనిషి పడే నొప్పినే అది పడేటట్టు చేశారు. వస్తువును దాని చేతికిస్తారు. అది ఏడిస్తే ముద్ర లేదు. ఏడవకపోతే ముద్ర పడుతుంది. దాన్ని నేను చిట్టెమ్మ అని పిలిచేదాన్ని. చివరికి కాగితాల్లో కూడా ఆ పేరే స్థిరపడింది.

కొత్త చర్మానికి ఏది నొప్పో, ఏది కాదో తెలియదు కదా. అది ఎవరో ఒకరు నేర్పాలి. హైమ ఒక రోజు భోజనాల దగ్గర అంది, "అత్తయ్యగారూ, యంత్రాలతో పనిచేసిన చెయ్యి కావాలండి. నలభై ఏళ్ళు కరెంటుతో కాపురం చేసిన చెయ్యి మన ఊళ్ళో మీదే."

"చేస్తే పోయేదేంటే?"

"పోయేది ఉందండి. ఏ చోటైతే నేర్పుతుందో, ఆ చోట మీకు స్పర్శ తగ్గిపోతుంది. మళ్ళీ రాదు. ఇది అరువు కాదు, ఇచ్చెయ్యడమే."

నేను ఒప్పుకున్నాను. మా ఆయన విద్య అలా నిలబడుతుందని ఆశపడ్డాను. చల్లటి జిగురు నింపిన సంచిలాంటి తొడుగులో మోచేతి దాకా నా చెయ్యి పెట్టించి, తాకాల్సిన వస్తువుల్ని కూడా అందులోకే అందించేవారు. పక్క గదిలో చిట్టెమ్మ. ఇక్కడ నేను దేన్ని తాకితే, అక్కడ దానికి అదే తెలిసేది. మూడు నెలల్లో నేర్పడం పూర్తయింది. నాకు పెడచేతి మీద, వేళ్ళ కణుపుల మీద కొంచెం తిమ్మిరి మిగిలింది. అరచెయ్యి మాత్రం అలాగే ఉంది. అప్పుడు అరచెయ్యి ఎందుకు మిగిలిపోయిందని ఎవరూ అడగలేదు. నేను మటుకు నా అదృష్టం అనుకున్నాను.

రెండేళ్ళు చిట్టెమ్మ చేత్తో ఎన్ని వస్తువులకు ముద్ర పడిందో. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచే కడ్డీలు అన్నీ ఓడలెక్కి పోయాయి. ఈలోగా హైమకు నెల తప్పింది. ఏడో నెల వచ్చేసరికి తను నా దగ్గర కూర్చుని ఒక మాట అంది. "మా అమ్మ లేదు కదండీ. నా బిడ్డకి మొదటి నీళ్ళు మీ చేత్తోనే." ఆ మాటకి నాకు ఎంత గర్వమో. నలుగుపిండికి పెసలు అప్పుడే ఎండబెట్టాను.

ఆ పెసలు ఎండుతున్న వారంలోనే ట్రింకోమలీ నుంచి ఉత్తరం వచ్చింది. అంబాజీపేటలో తయారై, మన రేవులో ముద్ర వేయించుకున్న కొబ్బరికోరు యంత్రం అక్కడ ఒకామెను కరెంటు కొట్టి పట్టేసిందట. వాళ్ళ చెల్లెలు చెక్కపీటతో కొట్టి విడిపించిందట. ప్రాణం దక్కింది కానీ, రెండు వేళ్ళు ముడవడం లేదట. ఇలాంటి ఉత్తరం వస్తే ముద్ర వేసిన రేవు ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తన పరీక్ష సరైందని రుజువు చెయ్యాలి, లేదా దిద్దుకోవాలి. రెండూ చెయ్యకపోతే ఆ రేవు ముద్ర ఉన్న ప్రతి వస్తువూ పన్నెండు రేవుల్లోనూ దుకాణాల్లోంచి దిగిపోవాలి. అంటే మన జిల్లాలో కరెంటు సామాను చేసేవాళ్ళందరి పనీ ఆగిపోవాలి.

ఆ మధ్యాహ్నం నేను హైమకు క్యారేజీ తీసుకుని పరీక్షశాలకు వెళ్ళాను. పెద్దాయన దైవసహాయంగారు ఎదురొచ్చారు. ఆయన ఆ పరీక్షశాలకు అధిపతి, కానీ నా క్యారేజీ చూస్తే చిన్నపిల్లవాడే.

"రండమ్మగారూ. పనసపొట్టు కూరేనా?"

"మీకోసం ఇంకో గిన్నె కూడా ఉందండి. ఏంటి, అందరూ ఇలా మొహాలు వేలాడేశారు?"

"మీ చిట్టెమ్మ మీద ఫిర్యాదొచ్చిందండి. ఇదిగో, మళ్ళీ పరీక్ష పెడుతున్నాం. మీరూ చూద్దురుగాని."

అద్దం అవతల చిట్టెమ్మ కూర్చుని ఉంది. నడుము పైభాగమే ఉన్న బొమ్మ, రెండు చేతులు, మొహం లేదు. ముందు బల్ల మీద కొబ్బరికోరు యంత్రం తిరుగుతోంది. చిట్టెమ్మ కుడి చెయ్యి ముందుకు వచ్చింది. ఇనుప పిడికి జానెడు దూరంలో ఉండగా ఆ చెయ్యి చటుక్కున తిరిగింది. కణుపులు పిడికి ఇలా రాసుకుని వెనక్కి వచ్చేశాయి. తరవాత రెండు వేళ్ళ కొసలు పిడి మీద ఆనీ ఆననట్టు ఆనాయి. అంతే. పచ్చదీపం వెలిగింది.

"ఉలకదు, పలకదు. చూశారుగా?" అన్నారు దైవసహాయంగారు. "వాళ్ళింట్లో వైరింగు బాలేదని తేలింది. అదే రాసేద్దాం."

"మరి ఆ చెయ్యి అలా తిరిగిందేంటండి?" అన్నాను.

"అదా? మొదట్నుంచీ ఉందండి. లోపలి మోటారు తడబాటు. మా కుర్రాళ్ళు, చిట్టెమ్మ ముహూర్తం చూసుకుని గాని ముట్టుకోదంటారు."

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది మోటారు తడబాటు కాదు. అది నా చెయ్యి. షాపులో మా ఆయన నేర్పిన తిప్పు. తొడుగులో చెయ్యి పెట్టినప్పుడల్లా నేను పెడచేత్తోనే తాకాను, చురుక్కుమన్నదాన్ని గట్టిగా పట్టుకోకుండా వదిలేశాను. తొడుగు లోపల చెయ్యి ఎటు తిరిగిందో ఎవరికి కనబడుతుంది? నొప్పి నేర్పమంటే, నేను నొప్పి తప్పించుకోవడం నేర్పాను. తప్పించుకున్నది ఏడవదు. వాళ్ళేమో ఏడిచిందా లేదా అన్నదొక్కటే చూశారు.

అక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. క్యారేజీ ఖాళీ చేయించుకుని ఇంటికి వచ్చేశాను. ఎందుకంటే చెబితే ఏం చెయ్యాల్సి వస్తుందో నాకు తెలుసు. హైమ నాకు ముందే వివరించింది. పాలకు ఒకసారి తోడు వేశాక ఇంకో ఇంటి తోడు వేస్తే పెరుగు విరిగిపోయినట్టు, ఆ చర్మం ఒక మనిషికి అలవాటు పడ్డాక ఇంకొకరి చేతిని ఒప్పుకోదు. కొత్త బొమ్మ కావాలంటే మూడేళ్ళు. చిట్టెమ్మకు అరచెయ్యి నేర్పాలంటే నా అరచెయ్యే కావాలి. గడువు ముప్పై రోజులు. బిడ్డ పుట్టడానికి రెండు నెలలు.

మరునాడు పొద్దున్న టైలరు భార్య బిడ్డకు నీళ్ళు పోయడానికి వెళ్ళాను. బకెట్లో అరచెయ్యి పెట్టి తియ్యలేదు చాలాసేపు. "ఏంటి పిన్నీ, నీళ్ళల్లో ఏమైనా పడిందా?" అని అడిగింది ఆ పిల్ల. లేదన్నాను. మనసులో మాత్రం ట్రింకోమలీ వాళ్ళ వైరింగును తిట్టుకుంటున్నాను.

ఆదివారం నాడు హైమ ఇంటి నుంచే ఆ దెబ్బ తగిలిన ఆమెకు ఫోను చేసింది. ఆమె వాంగ్మూలం కాగితాల్లో ఉండాలట. పేరు తంగమలర్. అప్పాలు వేసి అమ్ముకునే మనిషి. ఆమె తమిళంలో మాట్లాడితే ఫోను తెలుగులో చెప్పేది. ఎక్కడి పంతులుగారు నేర్పారో గాని, ఆ ఫోనుకు వచ్చిన తెలుగు అంతా గ్రాంథికమే.

"మహాశయురాలా, నేను కుశలముగా ఉన్నాను," అంది ఫోను.

నాకు నవ్వొచ్చింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదాన్ని, దగ్గరకు జరిగాను. హైమ వరసగా అడుగుతోంది. నేల తడిగా ఉందా, చెప్పులున్నాయా, ఎంతసేపు కోరారు అని. ఆమె చెబుతోంది. వంటింట్లో చెప్పులేసుకుంటారా ఎవరైనా, అప్పాలకి కొబ్బరిపాలు కావాలి కాబట్టి చేతులు తడిగానే ఉంటాయి అని. అప్పుడు నేను ఉండబట్టలేక ఫోను దగ్గరకి వంగాను.

"అమ్మా, నేను ఈ అమ్మాయి అత్తగారిని. పిడి పట్టుకునే ముందు పెడచేత్తో ఒకసారి తాకి చూశావా?"

 ఆమె ఏదో అంది, ఫోను చెప్పింది. "ఎందులకు చూడవలెను? చుక్కల ముద్ర ఉన్నది కదా. ముద్ర ఉన్నచో, నాకంటె ముందుగా ఎవరో ఒకరు తాకి చూచినట్లే కదా."

గ్రాంథికమైనా, ఆ మాట నాకు సూటిగా తగిలింది. తాకి చూసిన ఆ ఎవరో ఒకరు నేనే మరి. హైమ ఫోను పెట్టేదాకా ఆగి, పక్కనున్న ఇత్తడి కల్వం రోకలి తన ముందు పెట్టాను.

"హైమా, ఇది పట్టుకో."

పట్టుకుంది. అరచేత్తో, అయిదు వేళ్ళూ చుట్టి.

"ఇప్పుడు నన్ను చూడు." నేను చెయ్యి చాచాను. చెయ్యి తిరిగింది, కణుపులు రోకలికి తగిలాయి, వెనక్కి వచ్చాయి. రెండోసారి చేశాను. మూడోసారి చెయ్యక్కర్లేకపోయింది.

హైమ రోకలి కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. రోకలి వైపే చూస్తూ అంది, "మోటారు తడబాటని నేనే రాశానండి. నా చేత్తో రాశాను."

"నా చెయ్యి కంటే నీ చెయ్యి నయంలే."

"వాళ్ళ వైరింగు బాలేదన్నది అబద్ధం కాదండీ. అది రాసినా తప్పుకాదు."

"మన సందులో ఎవరింట్లో బావుందే వైరింగు?"

హైమ నా కుడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని అరచెయ్యి తెరిచి చూసింది. "ఇది ఇచ్చేస్తే మరి నా బిడ్డకి?"

"నీళ్ళు పోయించుకోని బిడ్డ ఉంటుందా లోకంలో? ఎవరో ఒకరు పోస్తారు," అన్నాను. చెప్పేటప్పుడు తేలిగ్గానే చెప్పాను. తరవాత చిక్కుడుకాయలకు ఈనెలు తీశానో కాయలే తీసి పారేశానో మాత్రం నాకు గుర్తులేదు.

దైవసహాయంగారికి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. "అమ్మగారూ, పదకొండు రేవులకి ఇది ఎలా రాయమంటారండి? మా బొమ్మకి జాగ్రత్త ఎక్కువైపోయిందని రాయనా?"

"అదే రాయండి."

రాశారు, పాపం. అలాగే రాశారు.

మర్నాటి నుంచే నేర్పడం మొదలుపెట్టాం. ఈసారి పని చెప్పినంత తేలిక కాలేదు. తెలియని ఇనుమును అరచేత్తో గట్టిగా పట్టుకోవాలి. నా చెయ్యేమో తిరిగిపోయేది. హైమ ఒక రిబ్బను తెచ్చి మణికట్టుకు కట్టింది, తిరక్కుండా. నలభై ఏళ్ళ బుద్ధిని మరిచిపోవడం ఎంత కష్టమో. మా ఆయన ఫోటో ఎదురుగా ఉంటుందని ఆ రోజుల్లో పెరటి గుమ్మంలోంచి వెళ్ళేదాన్ని. తొడుగు లోపల ఒక్కోటి పట్టుకునేదాన్ని. తలుపు గడియ, తడి తాడు, వేడి గ్లాసు, మంచుగడ్డ. తరవాత కరెంటు పారే కడ్డీలు, రోజుకు కాస్త ఎక్కువ. వదలాలనిపించినా వదలకూడదు. "ఇంక చాలండీ," అనేది హైమ. "ఇంకొక్క నిమిషం ఉండనీ, ఆవిడ కూడా వదల్లేదు కదా," అనేదాన్ని.

రోజూ అరచేతిలో కొంచెం మేర నిద్రపోయేది. ముందు బొటనవేలి మొదలు, తరవాత మధ్య. ఉప్పు చేతిలో పోసుకుంటే ఎంత పడిందో తెలిసేది కాదు. చారు రెండు రోజులు కషాయమైంది, మూడో రోజు చప్పిడి. మీ పెదనాన్న మాట్లాడకుండా తిన్నాడు. పదిహేడో రోజు టైలరు భార్య ఇంట్లో బకెట్లో చెయ్యి పెట్టాను. చెయ్యి ఏమీ చెప్పలేదు. నీళ్ళున్నాయని కళ్ళతో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. జబ్బ నొప్పిగా ఉందని చెప్పి, చెంబు ఆ పిల్ల అత్తగారి చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాను.

ఇరవయ్యేడో రోజున పరీక్ష. కొబ్బరికోరు యంత్రం తయారుచేసిన గౌరీశంగారు కూడా అంబాజీపేట నుంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. బల్ల తడిపారు, పిడికి కొబ్బరిపాలు పూశారు. చిట్టెమ్మ చెయ్యి ముందుకు వచ్చింది. తిరగలేదు. అరచేత్తో, అయిదు వేళ్ళూ చుట్టి పిడి పట్టుకుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎవరూ కదల్లేదు. మూడో నిమిషంలో దాని వేళ్ళు బిగుసుకున్నాయి, అప్పుడు ఏడ్చింది.

పెద్ద ఏడుపేం కాదు. ఈల వేసినట్టు సన్నటి శబ్దం, అంతే. కానీ రెండేళ్ళలో అది ఏడవడం అదే మొదలు. హైమ కరెంటు ఆపేసింది. అందరూ కాగితాల మీద పడ్డారు. చిట్టెమ్మ వేళ్ళు మాత్రం ఇంకా ఆ పిడిని పట్టుకునే ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళి ఒక్కో వేలూ విప్పి, కొంగుతో దాని చెయ్యి తుడిచాను.

"అది యంత్రమండి అమ్మగారూ," అన్నారు దైవసహాయంగారు మెల్లగా.

"తెలుసండి. చెయ్యి మాత్రం నాదే కదా."

గౌరీశంగారు గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డారు. "ఆయ్, మా ఇంట్లోనూ ఇదే వాడతన్నామండి. మా ఆడది రోజూ జివ్వుమంటందండీ అనేది. నీకన్నీ అనుమానాలే అన్నానండి. ఇప్పుడింటికెళ్ళి దానికేటి సెప్పాలో తెలవట్లేదండి."

"ముందు ప్లగ్గు పీకండి. తరవాత చెబుదురుగాని," అన్నాను.

ఆయన ఊళ్ళన్నీ తిరిగి, ఓడల్లో వెళ్ళినవి కూడా వెనక్కి రప్పించి, ప్రతి దానికీ కర్రపిడి వేసి, లోపల ఎర్తు తీగ కలిపి పంపాడు. చెడ్డవాడు కాదు. తంగమలర్‌కు కూడా కొత్తది పంపిస్తే ఆమె తీసుకోలేదట. చేత్తో కోరుకుంటానందట. తన వేళ్ళు, తన ఇష్టం. ఆ రెండు వేళ్ళలో ఒకటి తరవాత కొంచెం ముడిచిందని ఉత్తరం రాసింది.

మన ఉత్తరం చూసి మిగతా రేవులవాళ్ళు కూడా తమ బొమ్మల్ని తిప్పి చూసుకున్నారు. ఒక రేవులో నేర్పినాయన వలలు అల్లేవాడట. వేళ్ళు కాయలు కాచి ఉండేవి. ఆ బొమ్మకి సూది గుచ్చినా తెలియదట. ఇంకో రేవు బొమ్మకి కాళ్ళు కూడా ఉన్నాయట, దాన్ని కరెంటు నేలకి దిగని రబ్బరు బూట్లు వేసి నిలబెట్టేవారట. ఎవరి తప్పులు వాళ్ళకున్నాయి. అందుకని కొత్త బొమ్మలకు మొదట్లోనే ముగ్గురి చేతులు కలిపి తోడు వేస్తున్నారు. రూలు పుస్తకంలో ఒక వాక్యం కూడా చేర్చారు. హైమ చదివి వినిపించింది. "తాకువారు ముందుగా ఏమియు తెలియనివారని భావింపవలెను." చాలా బావుందన్నాను. మన ఫోనే రాసిందేమో అన్నాను.

తరళ పుట్టింది. అదే, మీ అక్క. పదకొండో రోజు పొద్దున్న పీట వేశాం, నూనె కాచాం, నలుగు కలిపాం. పీట మీద హైమ కూర్చుంది. అంత చదువుకున్న పిల్ల, కాళ్ళ మీద ఆ మూరెడు బిడ్డను పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. పక్కన ఒక థర్మామీటరు.

"ఎంతుండాలండీ నీళ్ళు? అంకె చెప్పండి."

"అంకె నాకేం తెలుసే? నా చేతికి తెలిసేది."

"మరి ఎలాగండి?"

నేను ఆలోచించాను. నలభై ఏళ్ళు చేసిన పని. ఎప్పుడూ దాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం రాలేదు. ఎవరైనా అడిగితే, "ఇదిగో ఇలా" అని చెయ్యి ముంచేదాన్ని. ఇప్పుడు చెయ్యి లేదు, నోరే దిక్కు.

"ఎండలో ఆరేసిన నూలుచీర తెచ్చి మడతపెడతాం చూడు. మడత లోపల చెయ్యి పెడితే ఎలా ఉంటుంది?"

హైమ కళ్ళు మూసుకుంది. బకెట్లో అరచెయ్యి పెట్టింది. "దానికన్నా ఎక్కువుందండి."

"చెంబుడు చన్నీళ్ళు పొయ్యి. ఇప్పుడు?"

"ఇప్పుడు చీర తెచ్చి కాసేపైనట్టుందండి."

"ఆ కాసేపు మనకి అక్కర్లేదు. గ్లాసుడు వేణ్ణీళ్ళు పొయ్యి."

పోసింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. పెట్టి, నా వైపు చూసి నవ్వింది. నాకు అర్థమైంది. వీపు మీద ముందు, తల మీద ఆఖరున, ముక్కులో నీళ్ళు పోకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టు అని చెబుతూనే ఉన్నాను. తరళ మొదట కేర్‌మంది. తరవాత ఆపేసి, నా గొంతు ఎటునుంచి వస్తోందా అని తల తిప్పింది. సాంబ్రాణి పొగ వేసి గుడ్డలో చుట్టాక హైమ బిడ్డను నాకిచ్చింది. కుడి చేతికి మెత్తగా ఉందో లేదో తెలియలేదు. బరువు మాత్రం తెలిసింది. బరువు తెలియడానికి చర్మం అక్కర్లేదట. అదీ హైమే చెప్పింది.

మీరు నవ్వుతారేమో, అంతకు ముందు నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. మా ఆయన నన్ను మూగిమొద్దు అనేవారు. చేతితో అయ్యే పనికి మాటెందుకు అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి సందులో ఏ బిడ్డ పుట్టినా నన్ను పిలిచి పీట పక్కన కుర్చీ వేస్తున్నారు. నేను చెబుతాను, వాళ్ళు పోస్తారు. నాకు నీళ్ళు చల్లుతారు కూడా, సరిగా చెప్పలేదని. నా తరవాత కూడా ఆ నీళ్ళ సంగతి నలుగురికి తెలిసి ఉంటుంది కదా, నాకు అది చాలు.

సరే, ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. ఒక్కటే అడుగుతున్నాను. దీన్ని మీలోనే దాచుకోకండి, రేపు మీ పిల్లలకీ, పక్కింటి పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు చిట్టెమ్మ చెడిపోయిన బొమ్మ అని మాత్రం అనకండి. అది బుద్ధిగా చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. నేర్పినావిడే తనకు తెలిసింది లోకానికంతా తెలుసనుకుంది. అలాగే చెప్పండి, నా పేరు పెట్టే చెప్పండి. నేను పోయాక, పోయినవాళ్ళని పొగడాలని ఆ తప్పు తీసేశారనుకోండి, కథలో ఒక మంచి ముసలమ్మ మిగులుతుంది. ఆవిడ కథ విన్నా ఎవరి చెయ్యీ దక్కదు.